గాలిలో గుద్దులు ఎంతకాలం? కరాటే తొలి పాఠాలపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి శీర్షికను కరాటే కొత్తగా నేర్చుకుంటున్నవారికే పూర్తిగా కేటాయించాము. వచ్చిన ప్రశ్నల్లో చాలావాటి వెనుక ఉన్న అనుమానం ఒక్కటే: తరగతిలో చేయిస్తున్న కసరత్తుకూ, ఎదుటి మనిషి చెయ్యెత్తినప్పుడు అక్కరకు వచ్చే విద్యకూ ఏమైనా సంబంధం ఉందా? అది న్యాయమైన అనుమానమే కనుక దాటవేయకుండా జవాబు ఇవ్వడానికి ప్రయత్నించాము. ఇక్కడ చెప్పిన భంగిమల కొలతలూ పేర్లూ ప్రపంచమంతటా విస్తృతంగా అభ్యసించే షోటోకాన్ శాఖవి. తక్కిన శాఖల్లో చెప్పుకోదగ్గ తేడా ఉన్నచోట ఆ సంగతి ప్రస్తావించాము.

ప్రశ్న: మూడు నెలలుగా తరగతికి వెళుతున్నాను. వరుసలో నిలబడి అడుగులు వేస్తూ గాలిలో గుద్దడం, చేతులతో అడ్డుకోవడం, వెనక్కి తిరిగి మళ్ళీ అదే చేయడం తప్ప ఇంకేమీ నేర్పలేదు. నేను పోరాటం నేర్చుకోవాలని చేరాను. ఇది పోరాటమేనా?

జవాబు: కాదు. కిహోన్ అని పిలిచే ఈ ప్రాథమిక అభ్యాసం పోరాటానికి శరీరాన్ని సిద్ధం చేసే పని మాత్రమే. ఈ రెండింటినీ ఒకటిగా భావించడం వల్లనే కొందరు దానిని అతిగా నమ్ముతారు, కొందరు విసిగిపోయి మానేస్తారు. వరుసల్లో నిలబడి గురువు లెక్కపెడుతుండగా అందరూ ఒకేసారి కదిలే ఈ పద్ధతి చాలామంది అనుకునేంత ప్రాచీనమైనదేమీ కాదు. ఒకినావా దీవిలో పూర్వం ఒక గురువు కొద్దిమంది శిష్యులకు, చాలావరకు ఇతరుల కంటపడకుండా, ఒకే కటాను, అంటే నిర్ణీత వరుసలో ఒంటరిగా చేసే కదలికల క్రమాన్ని, ఏళ్ళ తరబడి సాధన చేయిస్తూ విద్య చెప్పేవారు. 20వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో అంకో ఇతోసు ఈ విద్యను అక్కడి పాఠశాలల్లో ప్రవేశపెట్టడానికి కృషి చేశారు. ఒక్కసారిగా పదుల సంఖ్యలో పిల్లలకు నేర్పవలసి వచ్చింది కనుక కటాలను చిన్నవి చేసి, సులభమైనవాటిని కొత్తగా కూర్చారు. ఆయన శిష్యుడు గిచిన్ ఫునాకోషి 1922లో టోక్యోకు వచ్చి ప్రదర్శన ఇచ్చిన తరువాత అక్కడే ఉండిపోయి నేర్పసాగారు. 1924లో కేయో విశ్వవిద్యాలయంలో కరాటే సంఘం ఏర్పడింది, తరువాత ఇతర విశ్వవిద్యాలయాలూ అదే దారి పట్టాయి. పెద్ద గుంపులకు నేర్పవలసిన అవసరమే మీరు చూస్తున్న వరుసలకు చాలావరకు కారణం.

అంతమాత్రాన ఈ అభ్యాసం వ్యర్థమని అర్థం కాదు. అది నేర్పేది ఏమిటో తెలిస్తే మీ మూడు నెలలు ఎంతవరకు ఫలించాయో మీరే చూసుకోవచ్చు. ఒక కాలి మీది బరువును రెండవ కాలి మీదికి తూలకుండా మార్చగలగడం, చెయ్యీ నడుమూ పాదమూ ఒకే క్షణంలో ఆగేలా చూడడం, దెబ్బ వేసిన వెంటనే మరో దెబ్బకు సిద్ధంగా ఉండడం అనేవి గాలిలో సాధన చేస్తేనే కుదురుకుంటాయి. ఎదుట మనిషి ఉంటే ధ్యాసంతా అతని మీదికే పోతుంది, మన పాదం ఎటు తిరిగిందో తెలియదు. అడుగు మధ్యలో గురువు హఠాత్తుగా ఆగమన్నప్పుడు మీరు ఊగకుండా ఆగగలుగుతున్నారా? ముందుకు నడుస్తున్నప్పుడు తల లేచి పడకుండా ఒకే ఎత్తులో సాగుతోందా? ఈ రెండింటికీ అవునన్న జవాబు వస్తే కిహోన్ తన పని చేస్తోందని అర్థం.

అయితే ఇంకొక మాట కూడా చెప్పాలి, ఇది కొందరు గురువులకు రుచించకపోవచ్చు. మొదటి బెల్టు పరీక్ష దాటిన తరువాత కూడా ఎదుట ఒక జోడీని నిలబెట్టి అభ్యాసం చేయించకపోతే ఆ బోధనలో లోటు ఉన్నట్టే. గాలికి ఎత్తూ ఉండదు, బరువూ ఉండదు, భయపెట్టే చూపూ ఉండదు. మీరు వినయంగానే గురువును అడగండి: జోడీ అభ్యాసం ఎప్పుడు మొదలవుతుంది?

ప్రశ్న: ముందు కాలు బాగా వంచి, వెనుక కాలు చాచి అంత కిందికి నిలబడమంటున్నారు. మోకాళ్ళు నొప్పి పుడుతున్నాయి. నిజమైన తగాదాలో ఎవరూ అలా నిలబడరు కదా?

జవాబు: మీరు చెబుతున్నది జెన్‌కుత్సు-దాచి. పొడవు సుమారు రెండు భుజాల వెడల్పు ఉంటుంది, పాదాల మధ్య అడ్డంగా ఒక తుంటి వెడల్పు ఎడం ఉంటుంది, శరీర బరువులో దాదాపు 60 శాతం ముందు కాలి మీద, 40 శాతం వెనుక కాలి మీద పడుతుంది. కొత్తవారు పొడవును మాత్రమే పట్టించుకుని అడ్డం ఎడాన్ని మరచిపోయి, తాడు మీద నడుస్తున్నవారిలా రెండు పాదాలూ ఒకే గీత మీద పెడతారు. అప్పుడు పక్కనుంచి ఎవరు తోసినా పడిపోతారు.

మోకాలి విషయానికి వద్దాం. తొడ కండరం మండడం వేరు, కీలు లోపల సూదితో పొడిచినట్టు నొప్పి రావడం వేరు. మొదటిది కొద్ది వారాల్లో తగ్గుతుంది. రెండవదానికి తరచుగా కనిపించే కారణం, ముందు మోకాలు లోపలి వైపుకు ఒరిగిపోవడం. మోకాలి చిప్ప పాదం చూస్తున్న దిక్కునే చూడాలి, కాలి వేళ్ళను దాటి మరీ ముందుకు పోకూడదు. వెనుక పాదం పక్కకు తిరిగిపోయి ఉంటే నడుము ముందుకు తిరగలేదు, ఆ మెలి మోకాలి మీద పడుతుంది. కనుక వెనుక పాదం వేళ్ళను వీలైనంత ముందుకు తిప్పండి. ఇవి సరిచేసుకున్నా నొప్పి పోకపోతే భంగిమ ఎత్తు పెంచి నిలబడండి, వైద్యునికి చూపించండి. గొంతుక్కూర్చుని కుందేలులా గెంతించే పాతకాలపు కసరత్తును మోకాళ్ళకు చేటని జపాన్‌లోనే చాలావరకు మానేశారు. మీ దగ్గర ఇంకా చేయిస్తుంటే తప్పుకోవడానికి మొహమాటపడవద్దు.

నిజమైన పోరులో అలా నిలబడరన్న మాట నిజమే. ఫునాకోషి గారి 1920ల నాటి ఫొటోల్లో ఆయన నేటి విద్యార్థుల కంటే చాలా ఎత్తుగా నిలబడి కనిపిస్తారు. షోటోకాన్ భంగిమలు పొడవుగా, లోతుగా మారడంలో ఆయన కుమారుడు యోషితాకా ప్రభావం ఎక్కువని చెబుతారు. ఒకినావాకు చెందిన చోజున్ మియాగి స్థాపించిన గోజు-ర్యూ శాఖలో ఈనాటికీ చాలా భంగిమలు పొట్టిగా, ఎత్తుగా ఉంటాయి. లోతైన భంగిమ కాళ్ళకు బలాన్నీ, బరువు మార్చే నేర్పునూ ఇచ్చే సాధన. స్వేచ్ఛగా తలపడేటప్పుడు అదే విద్యార్థి మోకాళ్ళు కొద్దిగా వంచి, ఎత్తుగా, తేలికగా నిలబడతాడు. దెబ్బ వేసే ఒక్క క్షణంలో మాత్రం ఆ పొడవైన అడుగు తిరిగి వస్తుంది. పోటీల్లో గ్యాకు-జుకి (ముందు కాలికి ఎదురు వైపు చేతితో వేసే గుద్దు) వేసినవారి కాళ్ళను గమనిస్తే ఈ సంగతి స్పష్టంగా తెలుస్తుంది.

ప్రశ్న: గుద్దేటప్పుడు రెండవ చేతిని నడుము దగ్గరికి లాగి పెట్టుకోమంటారు. అలా చేస్తే ముఖం ఖాళీగా ఉండిపోదా? బాక్సింగ్‌లో అలా చేయరు.

జవాబు: ఉండిపోతుంది. ఈ విషయంలో మీ కన్ను సరిగానే చూసింది.

ముందు పిడికిలి సంగతి చెప్పుకుందాం, ఎందుకంటే ఎక్కువ గాయాలు అక్కడే మొదలవుతాయి. నాలుగు వేళ్ళనూ కొసల నుంచి గట్టిగా లోపలికి చుట్టి, బొటనవేలిని బయటినుంచి చూపుడువేలు, మధ్యవేలు మీదుగా అడ్డంగా బిగించాలి. బొటనవేలిని లోపల దాచుకుంటే అది విరుగుతుంది. తాకవలసినవి చూపుడువేలి మెటికా, మధ్యవేలి మెటికా. ఈ రెండింటి వెనుక ముంజేయి ఎముక నిటారుగా ఉండాలి, మణికట్టు పైకి గాని కిందికి గాని వంగకూడదు. చిటికెనవేలి వైపు మెటికతో గట్టి వస్తువును కొడితే ఆ వేలి వెనుక ఉండే సన్నని ఎముక సులభంగా విరుగుతుంది. మోచెయ్యి పక్కటెముకలను రాసుకుంటూ ముందుకు సాగాలి, బయటికి తెరుచుకోకూడదు. పిడికిలి తిరిగేది దెబ్బ చివరి దశలోనే. చేతిని పూర్తిగా చాచి మోచేతిని దడాలున బిగించే అలవాటును మొదటి రోజునుంచే మానుకోవాలి, ఎందుకంటే గాలిలో వందల గుద్దులు వేసేటప్పుడు ఆ అదురంతా కీలే భరించవలసి వస్తుంది.

బలం భుజం నుంచి రాదు. వెనుక మడమ నేలను తొక్కితే, ఆ తోపుకు నడుము తిరగలి రాయి తన కుదురు మీద తిరిగినట్టు ఒక్క ఇరుసు మీద తిరుగుతుంది, చెయ్యి దాని వెంట పోతుంది. అడుగు వేస్తున్న కాలూ, గుద్దే చెయ్యీ ఒకే వైపువి అయితే అది ఓయి-జుకి; ముందు కాలికి ఎదురు వైపు చేతితో వేసేది గ్యాకు-జుకి. నడుము తిప్పడం నేర్చుకోవడానికి రెండవదే తేలిక. పోటీల్లో అతి తరచుగా కనిపించే గుద్దు కూడా అదే.

ఇక వెనక్కి లాగే చెయ్యి, అంటే హికితే. నడుము రెండు వైపులా కలిసి తిరగాలన్న స్పర్శ కొత్తవారికి తెలియడానికి ఇది ఉపకరిస్తుందన్నది ఒక వివరణ. ఎదుటివాని చేతిని లేదా దుస్తులను పట్టి తన వైపుకు లాగుతూ రెండవ చేత్తో కొట్టడం దీని అసలు ప్రయోజనమన్నది రెండవ వివరణ. మా దృష్టిలో రెండవదే బలమైనది, ఎందుకంటే ఖాళీ చేతిని వెనక్కి గుంజినంత మాత్రాన గుద్దుకు పెద్దగా బలం చేరదు, పట్టుకున్నదానిని గుంజితే ఎదుటివాడు తూలి దెబ్బకు ఎదురు వస్తాడు. జోడీతో సాధన చేసి చూడండి: అతని మణికట్టు పట్టుకుని మీ తుంటి దగ్గరికి లాగినప్పుడు అతని భుజం, తల ఎటు వంగుతాయో గమనించండి. చేతిలో పట్టు ఏమీ లేనప్పుడు, దూరం నుంచి తలపడుతున్నప్పుడు ఆ చెయ్యి గడ్డానికి, పక్కటెముకలకు కాపుగా ముందే ఉండాలి. కుమితేలో (జోడీతో తలపడే అభ్యాసంలో) కూడా చేతిని నడుము దగ్గరే ఉంచుకునే విద్యార్థికి అభ్యాసమూ ప్రయోగమూ వేరన్న సంగతి ఎవరూ చెప్పలేదన్నమాట.

ప్రశ్న: గెదాన్-బరాయి, అగే-ఉకే, సోతో-ఉకే వంటి అడ్డుకునే పద్ధతులన్నీ (ఉకేలు) తరగతిలో బాగానే చేస్తాను. కానీ స్నేహితుడు సరదాగా వేగంగా చెయ్యి విసిరితే ఒక్కదానితోనూ ఆపలేకపోయాను. లోపం నాలో ఉందా, ఆ పద్ధతుల్లో ఉందా?

జవాబు: ఎక్కువ లోపం మీ ఇద్దరి మధ్య ఉన్న దూరంలో ఉంది. కంటికి కనిపించినదానికి మనిషి శరీరం స్పందించడానికి సుమారు సెకనులో ఐదవ వంతు పడుతుంది. చెయ్యి చాస్తే అందేంత దగ్గర నిలబడినవాని గుద్దు దాదాపు అంతే సమయంలో వచ్చి తగులుతుంది. అటువంటప్పుడు చేతిని చెవి దాకా ఎత్తి, అక్కడినుంచి కిందికి ఊడ్చే గెదాన్-బరాయి సమయానికి చేరదు. ఎవరికైనా చేరదు, బ్లాక్ బెల్టుకైనా చేరదు. అందుకే పోరాట పాఠం చేతులతో కాక దూరంతో మొదలవుతుంది. జపాన్ యుద్ధవిద్యలన్నింటిలోనూ మా-అయి అని పిలిచే ఈ దూరాన్ని, ఎదుటివాడు ఒక పూర్తి అడుగు వేస్తే తప్ప అందలేనంతగా ఉంచుకోవాలి. అప్పుడు మీకు కనిపించేది పిడికిలి కాదు. అంతకు ముందే కదిలే భుజం, నడుము, మోకాలు. మీకు దొరికే సమయం ఆ అడుగే.

ఈ దూరాన్ని నేర్పడానికే గోహోన్-కుమితే ఉంది. ఒకరు ముఖానికో పొట్టకో అని ముందుగా ప్రకటించి, ఐదు అడుగులు వేస్తూ ఐదు ఓయి-జుకిలు వేస్తారు. రెండవవారు ఐదుసార్లు వెనక్కి అడుగు వేస్తూ అడ్డుకుని, చివరిదాని తరువాత గ్యాకు-జుకితో బదులిస్తారు. చూడడానికి ఇదంతా ముందే కుదుర్చుకున్న నాటకంలా ఉంటుంది, నిజాయితీగా చేయకపోతే నాటకమే అవుతుంది కూడా. చెడిపోయేది ఎక్కువగా దాడి చేసేవారి వల్లనే. మర్యాదకో భయానికో గుద్దును ముఖానికి జానెడు దూరంలోనే ఆపేస్తారు, లేదా చెవి పక్కనుంచి పోనిస్తారు. తన ముఖానికి ఎన్నడూ రాని గుద్దును అడ్డుకునేవాడు నేర్చుకునేది ఏమీ లేదు. అడ్డుకోకపోతే నిజంగా తగిలే దారిలోనే గుద్దు రావాలి. వేగం తగ్గించవచ్చు గాని దారి తప్పించకూడదు. అడ్డుకునేవారు చేసే పొరపాటు, దాడి మొదలుకాకముందే వెనక్కి జరగడం. ఒక్కొక్క సాధనలో కొద్దికొద్దిగా ఆలస్యం చేస్తూ, ఇక కదలకపోతే తగులుతుందన్న చివరి క్షణం దాకా ఆగడం అలవాటు చేసుకోవాలి.

కదలవలసినది ముందు శరీరం, తరువాతే చెయ్యి. పాదం సరిగా జరిగితే చెయ్యి అడ్డుకోకపోయినా దెబ్బ తగలదు. దీని తరువాత ఒక్క దాడికి ఒక్క జవాబుగా సాగే ఇప్పోన్-కుమితేలో నేరుగా వెనక్కి కాక ఐమూలగా పక్కకు తప్పుకోవడం నేర్పుతారు. అసలు రుచి తెలిసేది అక్కడే, ఎందుకంటే నేరుగా వెనక్కి పోయేవాడు రెండవ దెబ్బకూ మూడవ దెబ్బకూ అందుబాటులోనే ఉంటాడు. ఫునాకోషి శిష్యుడైన హిరోనోరి ఓత్సుకా అంతకు ముందే జుజుత్సులో (పట్లు, పడవేతల జపాన్ విద్యలో) ఆరితేరినవారు. జోడీ అభ్యాసాలను పెంపొందించినవారిలో ఆయన ముఖ్యులు. 1934లో ఆయన స్థాపించిన వాదో-ర్యూ శాఖలో ఈ తప్పుకునే కదలికకే పెద్దపీట వేశారు. జియు-ఇప్పోన్ దశలో దాడి ఏమిటో ప్రకటిస్తారు కాని ఎప్పుడు వస్తుందో చెప్పరు, ఇద్దరూ స్వేచ్ఛగా కదులుతూ ఉంటారు. స్వేచ్ఛా కుమితే ఈ మెట్లన్నీ దాటాక రావాలి. మధ్య మెట్లు వదిలేసి నేరుగా అక్కడికి దింపితే విద్యార్థి నేర్చుకున్న ఉకేలన్నీ మరచిపోయి చేతులు అడ్డదిడ్డంగా ఊపుతాడు.

మరొక సంగతి కూడా మీ ప్రశ్నకు సంబంధించినదే. ప్రతి ఉకేలోనూ రెండు చేతులు ఒకదానినొకటి దాటుకుంటాయి. తరగతిలో ముందుగా చాచే చేతిని కేవలం సన్నాహం అనుకుని తొందరగా ముగిస్తారు. దగ్గరి దూరంలో వచ్చిన దెబ్బను పక్కకు తట్టేది చాలాసార్లు ఆ మొదటి చెయ్యే. రెండవది పట్టును విడిపించడానికో, తిరిగి కొట్టడానికో పనికివస్తుంది. జోడీని నెమ్మదిగా గుద్దమని, ఆ మొదటి చేతినే వాడి చూడండి.

ప్రశ్న: మయే-గెరి (నేరుగా ముందుకు వేసే కిక్) వేసినప్పుడల్లా కాలి వేళ్ళు ప్యాడ్‌కు తగిలి వాచిపోతున్నాయి.

జవాబు: వేళ్ళను వెనక్కి, అంటే మీ వైపుకు, మడవాలి, తగలవలసినది వేళ్ళ మొదళ్ళ కింద ఉండే మెత్తటి కండ. మునివేళ్ళ మీద నిలబడి చూస్తే ఏ భాగం నేలకు ఆనుతుందో, ఏ వేళ్ళు ఎలా మడతపడతాయో తెలుస్తుంది. గాలిలో పాదాన్ని అదే ఆకారంలో ఉంచాలి. మోకాలిని ముందు ఎత్తుగా లేపి, అక్కడినుంచి కింది కాలిని విదిలించి, నేల మీద పెట్టడానికి ముందే మడిచి వెనక్కి తెచ్చుకోవాలి. వెనక్కి తేవడం నెమ్మదైతే ఎదుటివాడు కాలిని పట్టుకుంటాడు. మవాషి-గెరి (పక్కనుంచి చుట్టి వేసే కిక్) వేసేటప్పుడు మాత్రం నేల మీద ఉన్న పాదాన్ని తప్పనిసరిగా తిప్పండి. పాదం అతుక్కుపోయి నడుము తిరిగితే ఆ మెలి నేరుగా మోకాలికి పోతుంది.

ప్రశ్న: మా అబ్బాయికి ఏడేళ్ళు. పెంకులు పగలగొట్టే వీడియోలు చూసి తనకూ చెయ్యి గట్టిపడే సాధన కావాలంటున్నాడు. మొదలుపెట్టవచ్చా?

జవాబు: వద్దు. ఎదుగుతున్న వయసులో చేతి ఎముకల చివర్లు ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండవు, వాటి మీద పదేపదే దెబ్బ పడకూడదు. గడ్డి తాడు చుట్టిన మకివారా స్తంభాన్ని కొట్టడం ఒకినావా సంప్రదాయంలో ఉన్నమాట నిజమే, కాని అది పెద్దలు, అదీ మణికట్టు నిటారుగా నిలబెట్టడం నేర్చుకున్నాక, చేసే సాధన. మెటికలు కాయలు కట్టించడం దాని లక్ష్యం కూడా కాదు. గట్టి ఎదురుదెబ్బకు భంగిమ చెదురుతోందో లేదో చూసుకోవడానికి అది పనికివస్తుంది. మీ అబ్బాయికి మెత్తటి ప్యాడ్ చాలు. ఆ వయసులో పరుగు, గెంతు, పడి లేవడం, ఎడమ కుడి తేడా లేకుండా కదలడం ఎక్కువగా ఉన్న తరగతి మంచి తరగతి.

ప్రశ్న: గురువు మారారు. పాతచోట సోతో-ఉకే అన్నదానిని ఇక్కడ మరో పేరుతో పిలుస్తున్నారు, కటా వరుస కూడా వేరుగా ఉంది. ఎవరిది తప్పు?

జవాబు: ఎవరిదీ కాదు. ముంజేతిని బయటినుంచి లోపలికి తెచ్చే అడ్డును షోటోకాన్‌లో సోతో-ఉకే అంటే, ఆ పేరునే లోపలినుంచి బయటికి పోయే అడ్డుకు వాడే శాఖలు ఉన్నాయి. కటాల్లోనూ ఇలాంటిదే జరిగింది. ఇతోసు కూర్చిన ఐదు పినాన్ కటాలకు ఫునాకోషి హెయాన్ అని పేరు మార్చి, మొదటి రెండింటి వరుసను తారుమారు చేశారు. షోటోకాన్‌లోని హెయాన్ షోదాన్, తక్కినచోట్ల పినాన్ నిదాన్. సులభమైనది ముందు రావాలన్నది ఆయన ఆలోచన. అందులో ప్రధానంగా గెదాన్-బరాయి, అగే-ఉకే, ఓయి-జుకి, షుతో-ఉకే (అరచేతి అంచుతో అడ్డుకోవడం) ఉంటాయి కనుక కొత్తవారికి అది తగినదే. కొత్త గురువు దగ్గర ఆయన పేర్లే వాడండి, చెయ్యి ఏ దిక్కునుంచి ఏ దిక్కుకు పోతోందో మాత్రం గుర్తుంచుకోండి.

ప్రశ్న: కుమితే అంటే భయంగా ఉంది. దెబ్బ తగలకుండా ఆపాలంటారు కాని ముఖానికి తగులుతూనే ఉంటుంది. ఆపడమే నియమమైతే బలం ఎలా తెలుస్తుంది?

జవాబు: భయం ఉండడం ఆరోగ్యకరమే, అది లేనివారి వల్లనే జోడీకి గాయాలవుతాయి. దెబ్బను లక్ష్యానికి రవ్వంత ముందు ఆపడాన్ని సున్-దోమే అంటారు. స్వేచ్ఛా కుమితే పట్ల ఫునాకోషికి పెద్దగా మొగ్గు లేదు. విశ్వవిద్యాలయాల కుర్రవాళ్ళు ఉత్సాహపడి దానిని పెంచారు. ఆయన మరణించిన 1957లోనే జపాన్ కరాటే అసోసియేషన్ తన మొదటి జాతీయ పోటీలు జరిపింది. నేటి ప్రపంచ కరాటే సమాఖ్య నియమాల్లో గుద్దుకు 1, పొట్ట, వీపు భాగాలకు వేసిన కిక్‌కు 2, తలకు వేసిన కిక్‌కు 3 పాయింట్లు వస్తాయి, అదుపు తప్పిన తాకిడికి శిక్ష ఉంటుంది. 2021 ఆగస్టులో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో 75 కిలోల పైబడిన పురుషుల ఫైనల్‌లో ఆధిక్యంలో ఉన్న సౌదీ అరేబియా క్రీడాకారుడు తారెగ్ హమెదీ వేసిన ఎత్తు కిక్‌కు ఇరాన్‌కు చెందిన సజ్జాద్ గంజ్‌జాదే స్పృహ తప్పి పడిపోయారు. అదుపు లేని తాకిడిగా నిర్ణయించి హమెదీని అనర్హుడిని చేశారు, స్వర్ణం కిందపడినవారికి దక్కింది. ఆ తీర్పు మీద వాదనలు చాలా జరిగాయి. నియమాన్ని బట్టి చూస్తే అది సరైనదే అని మా అభిప్రాయం.

మీ రెండవ ప్రశ్నకు సున్-దోమే ఒక్కటే జవాబు కాలేదు. ఆపడం మాత్రమే సాధన చేసినవారు దూరాన్ని ఎప్పుడూ కొద్దిగా తక్కువగానే అంచనా వేస్తారు. బరువైన సంచిని, ప్యాడ్‌ను నిజంగా కొట్టే అభ్యాసం వారానికి కొంతసేపైనా ఉండాలి. మసుతాత్సు ఓయామా 1964లో స్థాపించిన క్యోకుషిన్ సంస్థలో శరీరానికి పూర్తి బలంతో కొడతారు, తలకు చేతి దెబ్బలు మాత్రం నిషిద్ధం. అక్కడ బలం తెలుస్తుంది గాని చేతులు కిందికి జారే అలవాటు పడుతుంది. ఏ పద్ధతి ఎంచుకున్నా ఏదో ఒకటి తక్కువే పడుతుంది. మీ వరకు: పంటి రక్షణ కవచం, చేతి తొడుగులు లేకుండా దిగవద్దు. మొదటి నెలల్లో సీనియర్ జోడీనే అడిగి, సగం వేగంతో, ఒకరు దాడికే మరొకరు రక్షణకే పరిమితమై చేయండి. పదేపదే ముఖానికి తగిలించే జోడీ గురించి గురువుకు చెప్పడం పిరికితనం కాదు. తలకు గట్టి దెబ్బ తగిలి తిరుగుడు, వాంతి, మరుపు కనిపిస్తే ఆ రోజు అభ్యాసం అక్కడితో ఆపి వైద్యుని దగ్గరికి వెళ్ళండి.

ప్రశ్న: నాకు 48 సంవత్సరాలు. తరగతికి పోవడానికి వీలు తక్కువ. వీడియోలు చూసి ఇంట్లో నేర్చుకోవచ్చా?

జవాబు: వయసు అడ్డు కాదు. రక్తపోటు, మోకాళ్ళు, నడుము విషయాలు ముందే గురువుకు చెప్పండి, మయే-గెరిని పొట్ట ఎత్తుకే పరిమితం చేసుకోండి; తల ఎత్తు కిక్‌లు మీకు అవసరం లేదు. వీడియో కటా వరుసను గుర్తు చేయగలదు, మీరు తీసుకున్న సొంత వీడియో వెనుక మడమ లేస్తోందని చూపించగలదు. మీ మోచెయ్యి పక్కకు తెరుచుకుందని మధ్యలో ఆపి చెప్పే పని, ఎదుటి మనిషి అడుగు దూరం ఎంతో తెలియజేసే పని మాత్రం చేయలేదు. కనుక మొదటి మూడు నాలుగు నెలలు ఎలాగైనా వారానికి ఒక్క తరగతికి వెళ్ళండి. మిగతా రోజుల్లో ఇంట్లో ఇరవై నిమిషాలు చాలు: అద్దం ముందు నిలబడి, కదలకుండా, నెమ్మదిగా గ్యాకు-జుకి, గోడను ఒక చేత్తో పట్టుకుని మోకాలు ఎత్తి దించడం, అదే వారం తరగతిలో చెప్పిన ఒక్క ఉకేను వెనక్కి అడుగు వేస్తూ చేయడం. కొత్త కదలికలను వీడియోల నుంచి ముందుగానే నేర్చుకుని వెళ్ళవద్దు. తప్పుగా పట్టుబడిన మెలికను విప్పడానికి మీ గురువుకు కొత్తగా నేర్పడానికంటే ఎక్కువ సమయం పడుతుంది.